విమానాలు చూసి పట్టేసిన మెడ

ముందే ఒప్పేసుకుంటున్నాను, నాది పెంచి చెప్పే నోరు. మా వీధిలో కుక్క మొరిగితే నేను చెప్పేటప్పటికి అది ఉపన్యాసం అవుతుంది. మైకు, పూలదండ, వందన సమర్పణ కూడా చేరతాయి. మా ఆవిడ రాజ్యలక్ష్మి పెళ్ళయిన కొత్తలోనే దీనికొక విరుగుడు కనిపెట్టింది. నేను ఏ సంఖ్య చెప్పినా నాలుగుతో భాగించాలి, ఆపైన ఉపమానాలన్నీ ఏరి పారేయాలి, అప్పుడు మిగిలేది నిజం. ఆ పద్ధతిలో మా పెళ్ళికి వచ్చిన రెండువేలమంది ఐదువందలయ్యారు, చిన్నప్పుడు నన్ను కుట్టిన తేలు చీమ అయింది. మీరు కూడా మొహమాటపడకుండా భాగించుకోండి. అయితే ఈ అధ్యాయంలో పెంచినవి కాక, పూర్తిగా నేను పుట్టించింది ఒకటుంది. అదేదో చివర్లో చెబుతాను. ఈలోగా దొరికిందనుకుంటే పక్కన పెన్సిలుతో గీత పెట్టుకోండి. చాలామంది తప్పుచోటే గీస్తారని నా నమ్మకం.

మొన్న ఇంటికి రంగులు వేయిద్దామని అటక మీది సామానంతా దించాం. మైలార్‌దేవ్‌పల్లిలో మా ఫ్లాటు చిన్నదే, అటక ఇంకా చిన్నది. కానీ అందులోంచి దిగిన సరుకు చూసి రంగులవాళ్ళు గూడ్సు బండి ఖాళీ చేస్తున్నామనుకున్నారు. ఆ గుట్ట అడుగున తుప్పు పట్టిన బిస్కెట్ల డబ్బా. మూత ఊడదీస్తే లోపల పచ్చీసు ఆడే గవ్వలు. ఎవరి వేళ్ళ మధ్యో ఏళ్ళతరబడి అరిగి, గోటి మీద నిలబడనంత నున్నగా ఉన్నాయి. రాజ్యం వాటిని అరచేతిలో పోసుకుని బొటనవేలితో ఒక్కొక్కటే తిప్పి చూసింది. "బాబాయిగారివి కదూ" అంది తర్వాత. హాలుకి ఏ రంగని రంగులవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. మేమిద్దరం మనసులో అప్పటికే మా కొత్త కాపురం నాటి శంషాబాద్‌లో ఉన్నాం.

అప్పటికి కొత్త విమానాశ్రయం తెరిచి ఎంతో కాలం కాలేదు. నేను కృష్ణా జిల్లా నుంచి వచ్చి అక్కడి సరుకుల గోదాములో గుమాస్తాగా చేరాను. మామిడిపళ్ళ పెట్టెలకి, మందుల పెట్టెలకి, ఒకసారి ఒక గుర్రానికి కూడా కాగితాలు రాసిన ఉద్యోగం అది. రాజ్యం ఇంగ్లీషులో ఎమ్మే చేసి కూడా నన్నే చేసుకుంది కనుక, ఆ పొరపాటును నెమ్మదిగా అర్థం చేసుకుంటున్న రోజులు. శంషాబాద్ పాత ఊళ్ళో ఒక ఇంటి పైవాటా కిరాయికి దొరికింది. విమానాలు మా మేడ మీదుగా ఎంత కిందగా వెళ్ళేవంటే, తీగ మీద ఆరేసిన చీరకి క్లిప్పులు మరిచిపోతే సాయంత్రానికి అది బొంబాయిలో దిగేది. కిటికీ పక్క ప్రయాణికులు మా వంటింట్లోకి తొంగిచూసి ఇవాళ ఏం కూరని సైగ చేసేవారు, రాజ్యం గరిటె ఎత్తి వంకాయ చూపించేది. భాగించుకుంటున్నారు కదా?

ఇంటి యజమాని నర్సింలు బాపు. అరవై దాటిన మనిషి, తలకి ఎర్ర రుమాలు, చెయ్యి కలిపితే మన వేళ్ళు లెక్క చూసుకోవలసినంత గట్టి పట్టు. ఆయన జొన్నచేను విమానాశ్రయంలో కలిసిపోయింది. కలిసిపోయిందని ఊళ్ళోవాళ్ళనేవారు. ఆయన మాత్రం చేను ఇంకా తనదే, విమానాలకి దిగడానికి ఇస్తున్నాను అన్నట్టు మాట్లాడేవాడు. పొద్దున చాయ్ నుంచి పొద్దుగూకేదాకా మేడ మీద నులకమంచంలో వెల్లకిలా పడుకుని, దిగే ప్రతి విమానం మీదా అజమాయిషీ చేసేవాడు.

"సారూ, ఇయ్యాల పైలెట్ కొత్తోడున్నట్టున్నడు. బాయికాడ దింపేటిది గెట్టుకాడ దింపిండు."

"అక్కడ బావి ఎక్కడుంది బాపూ? అంతా సిమెంటేగా."

"నీకు సిమెంటు గానొస్తది, నాకు బాయి గానొస్తది. గంతే ఫరక్."

ఆయన భార్య సత్తెమ్మగారు. ఆ 'గారు' అంటే ఆవిడకి ఒళ్ళుమంట. "గారు గీరు ఏంది బిడ్డా, నేనేమన్న తాసిల్దార్‌నా?" అని రాజ్యాన్ని మొదటిరోజే కసిరింది. అప్పటినుంచి రాజ్యం ఆవిడని 'పిన్నిగారూ', బాపుని 'బాబాయిగారూ' అనడం మొదలుపెట్టింది, తాసిల్దారు మాత్రం పోలేదు. తెల్లారకముందే కింద జొన్నరొట్టె చరిచే చప్పుడు మొదలయ్యేది. చప్పుడంటే మామూలుది కాదు, ఆవిడ రొట్టె చరిస్తే అవతలి ఊరు తుక్కుగూడలో కోళ్ళు లేచేవి. కట్టెపొయ్యి మీద వెల్లుల్లి కారం వాసన పైకి వచ్చేది, విమానం వెళ్ళాక దిగే కిరసనాయిలు కాలిన వాసన కిందికి వచ్చేది, రెండూ మెట్ల మధ్యలో కలుసుకునేవి. ఇప్పటికీ ఆ రెండు వాసనలూ కలిస్తే నాకు కొత్త కాపురం గుర్తొస్తుంది. మా పులుసు చూసి ఆవిడ, "గింత చింతపండా? మీ ఆంధ్రోళ్ళు నోట్ల పండ్లు ఎట్ల నిలుపుకున్నరే?" అనేది. ఆవిడ పచ్చడి తిని నేను గుక్కెడు గుక్కెడుగా బిందె ఖాళీ చేసేవాణ్ణి. ఇక వైద్యమంతా ఆవిడ చేతుల్లోనే. కడుపుకి వాము, తలకి శొంఠి, కీళ్ళకి ఉప్పు మూట కాపడం, చెవికి వెల్లుల్లి వేసి కాచిన నూనె. దవాఖానకి పోవడమంటే ఆవిడ దృష్టిలో వంటింటికి అవమానం.

సాయంత్రం నేను డ్యూటీ దిగి వచ్చేసరికి వరండా గచ్చు మీద సుద్దముక్కతో పచ్చీసు గీసి ఉండేది. బాపు ఆటలో పులి. తన గవ్వలైనా నా గవ్వలైనా పడ్డవెంటనే నడుం వంచి, మెడ వంచి, ముక్కు గచ్చుకి ఆనేంత దగ్గరగా పరీక్ష చేసేవాడు. నా లెక్క మీద ఆయనకున్న నమ్మకం అలాంటిది. "నువ్వు నోటితోని ఆడ్తవ్ సారూ, నేను కండ్లతోని ఆడ్త" అనేవాడు. ఆ ఇంట్లో ఉన్నంత కాలం నేను ఓడిన ఆటలన్నీ వరసగా పేరిస్తే అవుటర్ రింగ్ రోడ్డు పూర్తిగా చుట్టి రావచ్చు.

ఆ రోజుల్లో ఊరికి ఒక కొత్త జబ్బు వచ్చింది. ఎవరిని చూసినా మెడ పట్టేసిందనేవారు. కారణం అందరికీ తెలిసిందే, తల పైకెత్తి విమానాలు చూడటం. దుకాణం ముందు బేరమాడుతూ పైకి, ఎద్దుకి గడ్డి వేస్తూ పైకి, పెళ్ళిచూపుల్లో పిల్లని చూడమంటే కూడా పైకి. దానికి 'ఇమానం పట్టు' అని పేరు కూడా పెట్టేశారు. సెలూన్ యాదగిరి దానికి నిపుణుడు. గడ్డం గీసి, తలని ఇటు ఒకసారి అటు ఒకసారి తిప్పి టక్కుమనిపించేవాడు. ఆ టక్కు విని పక్కవీధిలోవాళ్ళు ఎవరో కొబ్బరికాయ కొట్టారనుకునేవాళ్ళు. ఊళ్ళో ఇమానం పట్టు రాని మనిషి, అందరికంటే ఎక్కువ విమానాలు చూసిన నర్సింలు బాపే. "నేను పండుకుని చూస్త. మీకు చూసుడు గూడ రాదు" అని అందర్నీ ఎకసెక్కం చేసేవాడు.

ఒక చలికాలం బాపు ఎడమచెవిలోంచి చీము కారడం మొదలైంది. సత్తెమ్మగారు నూనె కాచి పోసింది. తగ్గినట్టే తగ్గి మళ్ళీ కారింది, మళ్ళీ నూనె. చెవి కారడం ఆ ఇంట్లో ఒక జబ్బు కిందే లెక్క కాదు, ముక్కు కారినట్టే అదీను. తర్వాత తలనొప్పి అన్నాడు. తర్వాత ఒళ్ళు కాలింది. ఆ సాయంత్రం నేను వచ్చేసరికి గోడకి జారగిలబడి, రుమాలు కళ్ళమీదికి లాక్కుని కూర్చున్నాడు. అయినా సుద్దగీతలు గీసే ఉన్నాయి. గవ్వలు విసిరాడు. విసిరి, గోడకేసి తల ఆనించి అలాగే ఉన్నాడు.

"ఎన్ని వడ్డయి సారూ?"

నేను గవ్వల మీదికి వంగాను. ఇన్నాళ్ళకి నన్ను నమ్మాడు! ఆయనకి పడినవి కాస్త తగ్గించి, నాకు పడినవి బాగా పెంచి చెబుతూ పోయాను. ఆయన అన్నిటికీ "ఊఁ" అన్నాడు. నా జన్మలో పచ్చీసు గెలిచిన సాయంత్రం అదొక్కటే.

"ఏంటి బాపూ, కిందికి చూడనే చూడట్లేదు?"

"మెడ వంగుతలేదు సారూ. నాకు గూడ ఇమానం పట్టు పట్టినట్టున్నది. జర గా లైటు బంద్ చెయ్, కండ్లల్ల సూదులు గుచ్చుతున్నయ్."

ఊరంతటికీ పట్టింది చివరికి ఊరి పెద్దకీ పట్టిందని నేను సంబరపడ్డాను. సత్తెమ్మగారు కూడా నవ్వింది. "గా మంచం మీదికెల్లి లేస్తవా మరి? మొకం ఆకాశానికి అంటుకపోయింది" అని దెప్పుతూనే ఉప్పు మూట వేడి చేసింది. రాజ్యం మాత్రం ఆయన నుదురు మీద చెయ్యి వేసి చూసి, "జ్వరం ఎక్కువగా ఉంది పిన్నిగారూ" అంది. "చలిజరం బిడ్డా, పొద్దుగాలకి పోతది" అంది ఆవిడ.

పొద్దుటికి పోలేదు. రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. యాదగిరిని ఇంటికే పిలిపించారు. వాడు భుజాన తువ్వాలు వేసుకుని, పెద్ద ఆపరేషన్‌కి వచ్చినవాడిలా చేతులు కడుక్కుని, మంచంలో వెల్లకిలా ఉన్న బాపు తల కింద రెండు చేతులూ పెట్టాడు. మెడని నెమ్మదిగా గుండెల మీదికి వంచబోయాడు. మెడ సగం కూడా వంగలేదు గానీ, అటు చివర ఆయన రెండు మోకాళ్ళూ వాటంతటవే పైకి లేచాయి! తల కిందికి దించితే మోకాళ్ళు దిగాయి. మళ్ళీ తల ఎత్తితే మళ్ళీ మోకాళ్ళు లేచాయి.

"అరెరే, బోరింగు లెక్కయిండు బాపు! ఈడ ఒత్తితే ఆడ లేస్తున్నది!" అన్నాడు యాదగిరి.

అందరం నవ్వాం. సత్తెమ్మగారు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. బాపు నవ్వలేదు. పళ్ళు బిగించి మూలిగాడు, అంతే. యాదగిరి మెడని టక్కుమనిపించబోయి, ఆ మూలుగు విని చేతులు వెనక్కి తీసుకున్నాడు. "ఇయ్యాల ఒద్దక్కా, జర మెత్తవడనీ. రేపు చూస్త" అన్నాడు. ఆ ఒక్క వాయిదాకి యాదగిరికి నేను ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

నాకు మాత్రం చేతిలో ఇంత మంచి కథ పడింది, ఎవరికో ఒకరికి చెప్పకపోతే పొట్ట పగిలేలా ఉంది. గోదాముకి వెళ్ళి, జలుబు మందు వంకతో ఉద్యోగుల డిస్పెన్సరీకి నడిచాను. అక్కడ బల్లల మీద ఎప్పుడూ జనం ఉంటారు. మొదలుపెట్టాను. బాపు మెడ వంచగానే మోకాళ్ళు దూలానికి తగిలాయన్నాను. యాదగిరి ఎగిరి గడ్డివాము మీద పడ్డాడన్నాను. ఆ అదురుకి కోళ్ళన్నీ గుడ్లు పెట్టేశాయన్నాను. బల్లలన్నీ ఊగిపోయాయి. లోపల డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ, చిన్నపిల్లలా ఉండేది, ఎవరి చీటీయో రాస్తున్నదల్లా కలం ఆపింది.

"మోకాళ్ళు నిజంగా లేచాయా?"

"లేవడమేంటండీ డాక్టరుగారూ, దూలం..."

"దూలం వద్దు. మెడ వంచినప్పుడు లేచాయా, లేదా?"

"లేచాయండి."

"జ్వరం?"

"పెనం మీద రొట్టె..."

"ఉందా, లేదా?"

"ఉందండి."

"వాంతులు? వెలుతురు చూడలేకపోవడం? అంతకుముందు చెవి గానీ, సైనస్ గానీ బాగాలేకపోవడం?"

అవునండి, అవునండి, చెవండి. నా మాటలు చిన్నవైపోతున్నాయి. బల్లల మీద నవ్వులు ఆగిపోయాయి. ఆవిడ బయటికి వచ్చి నా ముందు నిలబడింది. మెదడునీ వెన్నుపామునీ చుట్టి పలచని పొరలుంటాయి, చెవిలో చీము పట్టించిన సూక్ష్మజీవి ఒక్కోసారి ఆ పొరలకి పాకుతుంది అని చెప్పింది. అప్పుడు మెడ కర్రలా బిగుస్తుంది. బలవంతంగా వంచితే ఆ లాగుడు తట్టుకోలేక కాళ్ళు వాటంతటవే ముడుచుకుంటాయి. పైకి చూసి పట్టేసిన మెడ పైకి చూస్తే నొప్పెడుతుంది గానీ ఇలాంటి పని చేయదు. "ఇది గంటల్లో ముదిరే జబ్బు. కానీ మందున్న జబ్బు. సాయంత్రం దాకా ఆగకండి. ఇప్పుడే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి, నేను ఫోన్ చేసి చెబుతాను" అంది.

ఇంటికి ఎలా చేరానో గుర్తులేదు. నాకు గుర్తులేని ప్రయాణం జీవితంలో అదొక్కటే. లేకపోతే దాని మీద ఒక అధ్యాయం రాసి ఉండేవాణ్ణి. సత్తెమ్మగారు మంచం పక్కన కూర్చుని కాపడం పెడుతోంది. యాదగిరి గుమ్మంలో బీడీ కాలుస్తున్నాడు.

"పిన్నిగారూ, ఇది మెడ కాదు. మెదడు పొరలకి చీము పట్టింది. ఇప్పుడే తీసుకెళ్ళకపోతే బాపు బతకడు."

ఆవిడ తలెత్తనైనా లేదు. "ఏంది సారూ, గింత పొద్దుగాల్నే మొదలువెట్టినవ్? నిన్న మా కోడి గద్దని ఎత్కపోయిందంటివి."

"అది వేరు పిన్నిగారూ, ఇది నిజం."

"గద్ద గూడ నిజమనే అంటివి."

యాదగిరి పొగ వదిలి, "మెడ పట్టినోళ్ళందరికి మెదడు ఖరాబైతే, అన్నా, శంషాబాద్ చుట్టూ గోడ గట్టి పిచ్చి దవాఖాన బోర్డు పెట్టాలె" అన్నాడు.

"ఒట్టు. డాక్టరు చెప్పింది."

"ఒట్టు గూడ గట్లనే పెడ్తవ్ సారూ" అంది సత్తెమ్మగారు, కోపంగా కాదు, ముద్దుగానే.

ఆ ముద్దు నా గుండెలో దిగింది. ఇన్నేళ్ళూ నేను పంచిన నవ్వులన్నీ ఆ గుమ్మానికి అడ్డంగా పేర్చి, వాటి అవతల బాపు పడుకుని ఉన్నట్టనిపించింది. నాకు తెలిసిన మాటలన్నీ పెద్దవి. చావు అన్న మాట నమ్మించడానికి ఒక్క మాటా నా దగ్గర మిగల్లేదు. అప్పుడు రాజ్యం అంట్లు తోముతున్న చేతులతోనే మెట్లు దిగి వచ్చింది. నా ముఖంలోకి చూసింది.

"ఏమన్నారు? మళ్ళీ చెప్పండి."

చెప్పాను. అవే మాటలు.

"పిన్నిగారూ" అంది రాజ్యం, "విన్నారా? మూడు ముక్కల్లో చెప్పారు. కొండంత లేదు, సముద్రమంత లేదు, ఒక్క ఉపమానం లేదు. పెళ్ళయినప్పటినుంచి ఈయన ఇలా మాట్లాడగా నేను వినలేదు. ఇది నిజం. దీన్ని భాగించకండి. ఆటో పిలవండి."

సత్తెమ్మగారు రాజ్యాన్ని చూసింది, నన్ను చూసింది, బాపుని చూసింది. చేతిలోని ఉప్పు మూట నేల మీద పెట్టి లేచింది. "యాదగిరీ, నిలవడ్డవేందిరా? ఆటో పిల్వు!"

పొద్దెక్కిన ఎండలో రుమాలు మీద రుమాలు వేసి బాపు కళ్ళు కప్పాం. తల రాజ్యం ఒడిలో, కాళ్ళు నా ఒడిలో. ఏవేవో గొణుగుతున్నాడు. "గెట్టు... గెట్టుకాడ ఎద్దులు జొచ్చినయ్" అంటున్నాడు, మమ్మల్ని పోల్చుకోవడం లేదు. ఊరి పొలిమేరలో మా నెత్తి మీదుగా ఒక విమానం దిగింది, చెవులు పగిలే మోత. ఆయన కళ్ళు తెరవలేదు. రుమాలు కదల్లేదు. అప్పటిదాకా గట్టిగా ఉన్న సత్తెమ్మగారు అప్పుడు ఏడ్చింది. "ఇమానం వోయింది, చూడవైతివి" అని ఆయన చెయ్యి పట్టుకుని ఊపుతూ ఏడ్చింది. కాటేదాన్ దగ్గర లారీల వరస మా ఆటోని మింగింది. యాదగిరి దిగి, తువ్వాలు ఊపుతూ, మంత్రిగారి కాన్వాయ్‌కి ముందు పోలీసులా పరిగెత్తి దారి చేశాడు. ఇందులో నేను పెంచింది కాన్వాయ్ ఒక్కటే.

ఆసుపత్రిలో డాక్టరుగారు కేరళ ఆయన, తెలుగు పెద్దగా రాదు, మాట్లాడేదంతా ఇంగ్లీషే. చూడగానే, పరీక్షల కోసం ఆగకుండా ముందు సెలైన్‌లో యాంటీబయోటిక్ ఎక్కించమన్నారు. ఆ తర్వాత వెన్నులోంచి నీరు తీసి చూడాలన్నారు. సత్తెమ్మగారు తలుపుకి అడ్డం నిలబడింది. "వెన్నుల సూది గుచ్చితే కాళ్ళు వడిపోతయట. మా ఊళ్ళె అందరు అంటరు." రాజ్యం ఆవిడ నడుం కింద వేలు పెట్టి చూపించింది. "వెన్నుపాము పైనే అయిపోతుంది పిన్నిగారూ. ఇదిగో, ఇక్కడ కింద తీస్తారు. ఆ నీళ్ళు చూస్తేనే ఏ పురుగో తెలుస్తుంది, దానికి తగ్గ మందు ఇస్తారు." ఆవిడ పక్కకి జరిగింది. తేటగా, తాగే నీళ్ళలా ఉండవలసిన ఆ చుక్కలు బియ్యం కడిగిన నీళ్ళలా వచ్చాయి. చిన్న సీసాలో వాటిని చూసి నాకు ఏ పోలికా పెంచి చెప్పబుద్ధి కాలేదు.

డాక్టరుగారు వరండాలోకి వచ్చారు. "నా మనిషి బతుకుతడా సారూ?" అని సత్తెమ్మగారు ఆయన్నే అడిగింది. ఆయన ఇంగ్లీషులో నాలుగు మాటలు చెప్పి నావైపు చూశారు. నేను తెలుగు చేశాను. "జబ్బు ఏదో దొరికింది, మందు దానికి సరైనదే, మనిషి గట్టివాడు, తన కాళ్ళ మీద తానే నడిచి ఇంటికి వస్తాడంటున్నారు పిన్నిగారూ" అని చెప్పాను. ఆవిడ అప్పుడు గోడకి జారబడి కూర్చుంది. పొద్దుటినుంచి ముట్టని చాయ్ తాగింది. బన్ను కూడా సగం తిని, మిగతా సగం యాదగిరికి ఇచ్చింది.

ఆ తర్వాతి రోజులు పెంచడానికి వీల్లేనివి, అవి వాటంతటవే పొడుగు. మందు ఎక్కుతూనే ఉంది. జ్వరం ఒక మెట్టు దిగి అర మెట్టు ఎక్కేది. ఒక పొద్దున బాపు కళ్ళు తెరిచి, గది చుట్టూ చూసి, ఎడమవైపు కిటికీకేసి చెవి పెట్టి, చిరాగ్గా అన్నాడు: "ఇయ్యాల ఇమానాలు బందువెట్టిండ్రా ఏంది? ఒక్క చప్పుడు లేదు." ఊరికి అంత దూరంలో విమానాలెక్కడివి! సత్తెమ్మగారు నవ్వుతూ ఆయన్ని కొట్టినంత పని చేసింది. తర్వాత తెలిసింది, ఆయన ఎడమచెవికి విమానాలే కాదు, ఇక ఏదీ వినబడదని. ఈ జబ్బు ఊరికే పోదట, పోతూ పోతూ చెవినో చూపునో పట్టుకుపోతుందట. చెవితో వదిలిందంటే మర్యాదస్తురాలే. నర్సమ్మ వచ్చి, "తాతా, గడ్డం గుండెలకి ఆనించు" అంది. ఆనించాడు. సత్తెమ్మగారు ఆ వార్డులో ఉన్న మంచాలన్నిటికీ తిరిగి, మా ఆయన గడ్డం ఆనించాడని చెప్పి వచ్చింది.

ఆయన తన కాళ్ళ మీదే నడిచి ఇంటికి వచ్చాడు. ఊరంతా వీధుల్లో నిలబడింది, ఆ జనాన్ని చూసి దిగబోయే విమానం ఒక చుట్టు ఎక్కువ తిరిగింది. యాదగిరి ఆ తర్వాత ఏ మెడనీ ఊరికే ముట్టలేదు. ఎవరు వచ్చి ఇమానం పట్టన్నా ముందు ఎదురుగా కూర్చోబెట్టి, "జరమున్నదా? చెవుల చీమున్నదా? గదుమ గుండెకు ఆనుతదా?" అని అడిగేవాడు. ఆనకపోతే టక్కుమనిపించడం లేదు, ముందు దవాఖాన. సత్తెమ్మగారు నూనె కాచడం మానలేదు గానీ, అది రొట్టెల్లోకి వెళ్ళింది, చెవుల్లోకి వెళ్ళలేదు.

గవ్వలు దొరికిన మధ్యాహ్నమే ఫోన్ చేశాను. సత్తెమ్మగారే ఎత్తింది. "బతికే ఉన్నవా సారూ? గవ్వలు నీ దగ్గర్నే ఉన్నయా, దొంగా! ఇల్లు ఖాళీ చేసిన పొద్దుకెల్లి ఆయన నన్ను అనుమానపడ్తున్నడు." బాపు మేడ మీదే ఉన్నాడట. ముందు అపార్ట్‌మెంటు లేచి ఆయన రన్‌వేని మూసేసిందట, మంచాన్ని విమానాలు ఇంకా కనబడే మూలకి మార్చుకున్నాడట. మేము ఆ ఇంట్లో ఉండగా రోగం ఎవరిదైనా వైద్యం వీధిదే, తప్పయినా అందరూ కలిసి చేసేవారు. ఇప్పుడు మా ఫ్లాటులో ఎవరికి ఏ నొప్పి వచ్చినా తలుపు మూసుకుని ఫోనుని అడుగుతారు. అప్పుడు ఊరంతా మెడలు పైకెత్తి తిరిగేది, ఇప్పుడు అందరి మెడలూ కిందికే. అయినా అప్పటిదే మంచి కాలమని నేననను. మా అమ్మాయి పుట్టాక సూది వేస్తూ నర్సు, ఈ టీకా మెదడు పొరల వాపు రాకుండానూ అని చెప్పినప్పుడు, పిల్ల ఏడుస్తుంటే మేమిద్దరం నవ్వుకుంటూ నిలబడ్డాం. ఆ నర్సు మమ్మల్ని ఏమనుకుందో.

ఇక మాటిచ్చిన ప్రకారం చెబుతున్నాను. మోకాళ్ళ దగ్గర గీత పెట్టుకున్నవాళ్ళు చెరిపేసుకోండి. దూలానికి తగల్లేదు గానీ అవి లేవడం అక్షరాలా నిజం, ఏ డాక్టరునైనా అడగండి. నేను పుట్టించింది వరండాలో డాక్టరుగారు చెప్పిన మాట. ఆయన అలా అనలేదు. "ఆలస్యంగా తెచ్చారు. చేయగలిగింది చేస్తున్నాం. ఇప్పుడే ఏమీ చెప్పలేను, ఆవిడని దేనికైనా సిద్ధంగా ఉండమనండి" అన్నారు. అది తెలుగులో పెట్టడానికి నోరు తెరిచాను. సత్తెమ్మగారి కళ్ళు నా పెదాల మీద ఉన్నాయి. నా నోట వేరే మాటలు వచ్చాయి.

ఆవిడ నన్ను నమ్మలేదు. రాజ్యం వైపు తిరిగి, "నిజమేనా బిడ్డా? సారు పెంచుతలేడు గద?" అని అడిగింది.

రాజ్యానికి ఇంగ్లీషు నాకంటే బాగా వచ్చు. డాక్టరుగారు అన్న ప్రతి ముక్కా తనకి అర్థమైంది.

"లేదు పిన్నిగారూ" అంది రాజ్యం. "డాక్టరుగారు అలాగే అన్నారు."